పోయేటప్పుడు పట్టించుకోని డ్రమ్ముని వచ్చేటప్పుడు చూసి బెదిరిపోతోంది. భయమా, నాటకమా?

కొత్తరౌతు
మా ఆడగుర్రానికి ఆరేళ్లు. లాయం నుంచి గ్రౌండుకి వెళ్లే దారిలో గోడ పక్కన ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉంటుంది. వెళ్లేటప్పుడు దాన్ని రాసుకుంటూ పోతుంది, చెవి కూడా తిప్పదు. తిరిగి వచ్చేటప్పుడు అదే డ్రమ్ము దగ్గర బిగుసుకుపోతుంది. మెడ నిక్కిస్తుంది, ముక్కుపుటాలు విప్పార్చి బుస్సుమంటుంది, ఉన్నట్టుండి పక్కకి గెంతుతుంది. మొన్న ఎవరో పేడ ఎత్తే తోపుడు బండిని ఎప్పుడూ ఉండే చోటే అటు మళ్లించి పెట్టారు. అంతే, దాన్ని జన్మలో చూడనట్టు చేసింది. ట్రైనర్ గారేమో "పని ఎగ్గొట్టడానికి నాటకాలు, ఒకటి తగిలించు" అంటున్నారు. కొట్టడం నాకు ఇష్టం లేదు. కానీ రోజూ చూసే వస్తువుకి రోజూ భయపడటం ఏమిటో అర్థం కావడం లేదు.

దౌడుదాసు
పని ఎగ్గొట్టాలంటే వెళ్లేటప్పుడు వేయాలి నాటకం. పని అయిపోయి దాణా దగ్గరికి వస్తూ ఎవరు వేస్తారు? మీ ట్రైనర్ గారి లెక్క తేడాగా ఉంది.

సంచిభూతం
మావాడు పక్కన ట్రాక్టరు పోతున్నా గడ్డి నములుతూనే ఉంటాడు. గాలికి ప్లాస్టిక్ సంచి లేచిందంటే మాత్రం నన్ను అక్కడే దించేసి ఒక్కడే లాయానికి చేరతాడు. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

పాతజీను
ఇందులో పెద్ద విషయం ఏమీ లేదు. గుర్రానికి ఎడమ కన్ను చూసింది కుడి కంటికి తెలియదు. వెళ్లేటప్పుడు డ్రమ్ము ఒక పక్కన, వచ్చేటప్పుడు ఇంకో పక్కన. ఆ రెండో కంటికి అది కొత్త వస్తువే. అందుకే ఏది నేర్పినా రెండు వైపులా నేర్పాలని మా గురువులు చెప్పేవారు.

గుర్రాలడాక్టరమ్మ
పాతజీను గారూ, మీ గురువుల సలహా బంగారం, వాళ్లు చెప్పిన కారణమే నిలబడదు. గుర్రం మెదడులో కూడా రెండు సగాలనూ కలిపే నరాల కట్ట చక్కగానే ఉంది. ఎవెలిన్ హ్యాంగీ అనే ఆవిడ 1999లో దీన్ని పరీక్షించి ప్రచురించారు. గుర్రానికి ఒక కన్ను మూసి, రెండు బొమ్మల్లో ఏది ఎంచుకుంటే మేత దొరుకుతుందో నేర్పారు. తర్వాత ఆ కన్ను తెరిచి, రెండోది మూసి అడిగారు. సరిగ్గానే ఎంచుకుంది. అంటే ఒక కంటితో నేర్చుకున్నది రెండో కంటికి అందుతోంది.

మరి డ్రమ్ము సంగతి ఏమిటంటే, వెనక నుంచి చూసిన డ్రమ్ము ముందు నుంచి చూసిన డ్రమ్ములా ఉండదు. మూత, పిడి, చిరిగిన లేబులు, వెనకాల గోడ, పడే వెలుతురు అన్నీ మారిపోతాయి. మనం వస్తువుకి పేరు పెట్టుకుని "డ్రమ్మే కదా" అనుకుంటాం. గుర్రం ఆ మొత్తం దృశ్యాన్ని చూస్తుంది.

దీని మీద నేరుగా చేసిన పరీక్ష ఒకటి ఉంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లది, జంతువుల ప్రవర్తన నిపుణురాలు టెంపుల్ గ్రాండిన్ కూడా అందులో ఉన్నారు, 2021లో వచ్చింది. చిన్నపిల్లలు ఎక్కి ఆడుకునే పెద్ద ప్లాస్టిక్ ఆటసామాను ఒకటి పెట్టి, రెండు మూడేళ్ల క్వార్టర్ హార్స్ అనే అమెరికా జాతి గుర్రాలను దాని పక్క నుంచి పదేపదే నడిపించారు. పూర్తిగా అలవాటు పడ్డాక అదే సామానుని అదే చోట 90 డిగ్రీలు తిప్పారు. తిప్పిన గుంపు మళ్లీ కొత్త వస్తువుని చూసినట్టే బెదిరింది. చెవులు దానివైపు పొడుచుకోవడం, మెడ నిక్కించడం, ముక్కుపుటాలు విప్పడం, పక్కకి అడుగులు వేయడం. మీ తోపుడు బండి కథ అచ్చంగా ఇదే.

కొత్తరౌతు
డాక్టరమ్మ గారూ, మీరు రాసిన ఆ లక్షణాల వరస చదివి మా దాన్ని వీడియో తీసి రాశారేమో అనుకున్నా.

పంచకల్యాణి
ఒక్క నిమిషం. అదే హ్యాంగీ గారు 2010లో తిప్పిన వస్తువుల మీద కూడా పరీక్ష చేశారు కదా. చిన్న చిన్న బొమ్మలని రకరకాలుగా తిప్పి చూపిస్తే గుర్రాలు చాలావరకు గుర్తుపట్టాయి. అంటే గుర్తుపట్టే తెలివి వాటికి ఉంది. మరి తోపుడు బండి ఎందుకు గుర్తుపట్టలేదు? ట్రైనర్ గారి మాటని పూర్తిగా కొట్టిపారేయలేం.

గుర్రాలడాక్టరమ్మ
మంచి ప్రశ్న. ఆ పరీక్షలో గుర్రం నింపాదిగా నిలబడి, మేత కోసం ఆలోచించి ఎంచుకుంటుంది. అక్కడ కూడా అన్ని కోణాలూ పట్టుకోలేదు, కొన్నిటి దగ్గర తడబడ్డాయి. దారిలో నడుస్తూ ఓరకంటికి ఒక పెద్ద ఆకారం తగిలినప్పుడు ఎవరూ దాన్ని ప్రశ్న అడగడం లేదు, టైమూ ఇవ్వడం లేదు. గుర్తుపట్టగలగడం వేరు, గుండె జారకపోవడం వేరు. మేసే జంతువుకి ముందు గెంతి తర్వాత ఆలోచించడమే లాభం. తప్పుగా గెంతితే పోయేది కాస్త ఓపిక. గెంతాల్సిన చోట గెంతకపోతే ప్రాణమే పోతుంది.

పంచకల్యాణి
సరే, ఒప్పుకున్నా. సగం.

నాలుగోకాలు
మా దగ్గర ఒక మగగుర్రం ఉంది. ఎడమ పక్కన ఏదైనా ఉంటేనే బెదురుతుంది, కుడి పక్కన పాముని పెట్టినా పట్టించుకోదు. కన్ను చూపించాం, చూపులో ఏ లోపమూ లేదన్నారు. ఇలా ఒక వైపే ఎందుకు?

సైంధవం
నాలుగోకాలు బ్రదర్, అది మీ వాడొక్కడి గుణమే కాదు. ఎడమ కంటి నుంచి వెళ్లే నరాల్లో ఎక్కువ భాగం మెదడులో కుడి సగానికి దాటిపోతాయి. ప్రమాదం, కలవరం లాంటివి ఎక్కువగా ఆ సగమే చూసుకుంటుందని చాలా జంతువుల్లో తేలింది. ఆస్టిన్, రోజర్స్ అని ఇద్దరు 2007లో గుర్రాల ముందు గొడుగు తెరిచి చూశారు. ఎడమ వైపు తెరిచి దగ్గరికి వస్తే ఎక్కువ దూరం పరిగెత్తాయి. ఇంకో తమాషా ఏమిటంటే, ముందు ఎడమ వైపు చూపించి తర్వాత కుడి వైపు చూపిస్తే బెదురు తగ్గింది. ముందు కుడి, తర్వాత ఎడమ అయితే తగ్గలేదు.

ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు 2016లో కోపంగా ఉన్న మనిషి ముఖం ఫోటో చూపిస్తే కూడా గుర్రాలు ఎడమ కంటితోనే ఎక్కువ చూశాయి, గుండె వేగం త్వరగా పెరిగింది. ఫోటోకే.

దౌడుదాసు
ఫోటోకే అంత అయితే పొద్దున్నే నా ముఖం చూసే మా గుర్రం ఎలా బతుకుతోందో.

పాతజీను
మనం గుర్రాన్ని పట్టేది, జీను వేసేది, ఎక్కేది అన్నీ ఎడమ వైపు నుంచే. కుడి వైపు అసలు పనే ఉండదు. అలవాటు వల్ల వచ్చిన తేడాని మెదడు మీదకి నెట్టేస్తున్నారు మీరు.

సైంధవం
అలవాటే కారణమైతే, ఎక్కువ అలవాటున్న ఎడమ వైపే బెదురు తక్కువ ఉండాలి కదా పాతజీను గారూ? జరుగుతున్నది తిరగబడి ఉంది.

పాతజీను
ఎడమ వైపు నుంచి వచ్చేది పనీ, సూదీ, డొక్కలో కాలూ అయితే ఆ వైపంటేనే భయం పెరగదా?

గుర్రాలడాక్టరమ్మ
ఇద్దరి మాటల్లోనూ విషయం ఉంది. వస్తువుకి గుర్రం మనసులో ఏ విలువ ఉందన్నదాన్ని బట్టి చూసే కన్నూ మారుతుందని ఫ్రాన్స్‌లో 2008లో ఒక పని వచ్చింది. ఆడగుర్రాలకి మూడు వస్తువులు చూపించారు. దాణా బక్కెట్టు, వెటర్నరీ డాక్టరు తెల్ల కోటు, అంతకుముందు ఎప్పుడూ చూడని ఒక ట్రాఫిక్ కోను. కోటుని ఎడమ కంటితో చూశాయి. కోనుని చూడటంలో కుడి కన్ను వైపు మొగ్గు కనిపించింది. బక్కెట్టు విషయంలో ఏ పక్కా లేదు. కొత్తదానికీ చెడ్డదానికీ తేడా ఉందన్నమాట. అందుకే "ఎడమ కన్ను అంటే భయం కన్ను" అని బోర్డు రాసి పెట్టుకోవద్దు. గుర్రం గుర్రానికీ తేడా ఉంటుంది.

ఇక తెల్ల కోటు సంగతి నాకు బాగా తెలుసు. నేను కోటు తీసేసి మామూలు చొక్కాతో వెళ్తే వచ్చి జేబులు వెతికే గుర్రాలే, కోటుతో వెళ్తే షెడ్డు ఆ మూలకి పోతాయి. లోపల మనిషిని నేనే.

నీడలగోల
కొత్తరౌతు గారూ, ఎవరూ అడగలేదు కాబట్టి అడుగుతున్నా. మీరు తిరిగి వచ్చే టైము ఏమిటి? సూర్యుడు ఎటు ఉంటాడు?

కొత్తరౌతు
సాయంత్రం. ఎండ ఎదురుగా కొడుతుంది. డ్రమ్ము గోడ నీడలో ఉంటుంది. ఇది ముఖ్యమా?

నీడలగోల
చాలా. ఎదురెండలోంచి నీడలోకి చూడటం గుర్రానికి మనకన్నా కష్టం. రాత్రిపూట మనకన్నా బాగా చూస్తుంది నిజమే. కన్ను పెద్దది, వెనకాల వెలుతురుని తిప్పికొట్టే పొర ఉంది, చీకట్లో కళ్లు మెరిసేది దానివల్లే. కానీ వెలుగు నుంచి చీకటికి సర్దుకోవడానికి మనకన్నా ఎక్కువ సేపు పడుతుంది. గుర్రాలని తీసుకెళ్లే ట్రెయిలర్ లోపల చీకటిగా ఉంటే ఎక్కనని మొండికేసే గుర్రాల్లో సగం గొడవ ఇదే అని నా గట్టి నమ్మకం. లోపల దీపం పెట్టి చూడండి, ఎన్ని మారతాయో.

సైంధవం
నీడ అంటే గుర్తొచ్చింది. అలెగ్జాండర్ గుర్రం బ్యూసెఫలస్ కథ ఇదే కదా. ఎవరూ లొంగదీయలేకపోయారు. అది తన నీడని చూసుకుని బెదురుతోందని కుర్రాడు గమనించి, ముఖాన్ని సూర్యుడి వైపు తిప్పి ఎక్కాడని పాతకాలం గ్రీకు రచయిత ప్లుటార్క్ రాశాడు. కథలో ఎంత నిజమో గానీ, రాసినవాడికి గుర్రాలు తెలుసు.

సంచిభూతం
మావాడు తన నీడకి బెదరడు. నా నీడకి బెదురుతాడు. రాజ్యాలు జయించే యోగం లేదు నాకు.

రౌతుకొద్దీ
ఇంతసేపూ డ్రమ్ము గురించి, కన్ను గురించి మాట్లాడారు. పైన కూర్చున్న మనిషిని వదిలేశారు. రౌతు కొద్దీ గుర్రం అని ఊరికే అనలేదు. స్వీడన్‌లో లిండా కీలింగ్ వాళ్ల పరీక్ష 2009లో వచ్చింది. మనుషులని గుర్రంతో ఒకే దారిలో అటూ ఇటూ నాలుగుసార్లు పంపారు, కొందరు పట్టుకుని నడిపించారు, కొందరు ఎక్కి నడిపారు. నాలుగోసారికి ముందు "ఈసారి మీరు దాటేటప్పుడు అక్కడున్న మనిషి గొడుగు తెరుస్తాడు" అని చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, గుర్రం గుండె వేగమూ పెరిగింది. గుర్రానికి గొడుగు సంగతి ఎవరూ చెప్పలేదు కదా. ఎక్కి ఉన్నవాళ్లు తమకి తెలియకుండానే కళ్లెం తాళ్లు కురచగా పట్టుకున్నారట.

కొత్తరౌతు గారూ, డ్రమ్ము ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉండగానే మీ చేతులు ఏం చేస్తున్నాయో ఎవరినైనా చూడమనండి.

కొత్తరౌతు
చూడమనక్కర్లేదు. ఆ మలుపు తిరగ్గానే నాకు టెన్షన్ మొదలవుతుంది, ఊపిరి కూడా బిగపడతాను. వెళ్లేటప్పుడు అది ఉండదు.

మెత్తనిపగ్గం
కురచ పగ్గంతో ఇంకో నష్టం కూడా. గుర్రం ఒళ్లు కదపకుండానే దాదాపు 350 డిగ్రీలు చూస్తుంది. కానీ రెండు కళ్లూ కలిపి చూసేది ముందున్న సుమారు 65 డిగ్రీలే. దూరం, లోతు బాగా తెలిసేది అక్కడ. నుదుటికి ఎదురుగా కాస్త, తోక వెనకాల కాస్త అసలు కనిపించదు. దూరంగా ఉన్నదాన్ని సరిగ్గా చూడాలంటే తల ఎత్తాలి, కిందున్నదానికి దించాలి, పక్కన ఉన్నదానికి తిప్పాలి. మనమేమో సరిగ్గా అప్పుడే తల లాగి పట్టుకుంటాం. చూడనివ్వం, మళ్లీ "చూసింది కదా, ఎందుకు భయం" అంటాం.

పాతజీను
తల వదిలేస్తే వెనక్కి తిరిగి పారిపోతుంది. కాలు గట్టిగా వేసి, అవసరమైతే ఒకటి తగిలించి దాటించేయాలి. దాటాక ఏమీ జరగలేదని దానికే తెలుస్తుంది. అలా దాటించిన గుర్రాలు నా దగ్గర బోలెడు.

సైంధవం
దాటుతుంది, కాదనను. కానీ డ్రమ్ము దగ్గరికి వెళ్లగానే దెబ్బ పడితే దానికి అర్థమయ్యేది ఏమిటి? డ్రమ్ము దగ్గర నొప్పి ఉంటుందని. ఇది ఈ కాలం సున్నితం కాదండీ. క్రీస్తుకి ముందు నాలుగో శతాబ్దంలో గ్రీకు సైనికుడు జెనోఫన్ ఇదే చెప్పాడు. బెదిరే గుర్రాన్ని కొట్టి దగ్గరికి తోలితే భయం ఇంకా పెరుగుతుంది, ఆ నొప్పి ఆ వస్తువు వల్లే అనుకుంటుంది, కాబట్టి మెల్లగా దగ్గరికి తీసుకెళ్లి అందులో ఏమీ లేదని చూపించాలి అని. యుద్ధాలు చేసినవాడు అన్న మాట.

దౌడుదాసు
పాతజీను గారి జీను కన్నా పాత సాక్ష్యం తెచ్చారు.

పాతజీను
నవ్వండి నవ్వండి. మీ జెనోఫన్‌కి వెనక బస్సు హారన్ కొట్టేవాడు లేడు. రోడ్డు మధ్యలో "మెల్లగా చూపించు" కుదరదు.

మెత్తనిపగ్గం
అది నిజం. రోడ్డు మీద ప్రాణం ముందు. దిగి నడిపించుకుని దాటినా పరువు పోదు. నేర్పడం రోడ్డు మీద కాదు, ఖాళీగా ఉన్న చోట చేసుకోవాలి.

గుర్రాలడాక్టరమ్మ
ఎలా నేర్పాలో కూడా పోల్చి చూశారు. డెన్మార్క్‌లో క్రిస్టెన్సెన్ బృందం 2006లో రెండేళ్ల గుర్రాలని మూడు గుంపులు చేసింది. భయపెట్టే వస్తువు కదిలే తెల్ల నైలాన్ సంచి (సంచిభూతం గారూ, వింటున్నారా). ఒక గుంపుకి సంచిని పూర్తిగా ఆడిస్తూ అలవాటయ్యేదాకా చూపించారు. ఒక గుంపుకి సంచితోపాటు మేత పెట్టారు. మూడో గుంపుకి ముందు కదలని సంచి, తర్వాత కొంచెం కదిలేది, అలా మెట్లు మెట్లుగా పెంచారు. మెట్ల పద్ధతిలో బెదురు తక్కువ, అన్ని గుర్రాలూ నేర్చుకున్నాయి. మిగతా రెంటిలో కొన్ని చివరిదాకా కుదుటపడలేదు. మేత పెట్టడం చెడ్డదని కాదు, భయం మరీ ఎక్కువగా ఉన్నప్పుడు మేతకి విలువ ఉండదు.

పక్కన భయపడని గుర్రం ఒకటి ఉంటే పని ఇంకా తేలిక. ఇదీ ఆ బృందమే చూపించింది.

ఒంటికన్ను
ఇక్కడ నా మాట కూడా ఒకటి. మా ముసలి గుర్రానికి కంటి లోపలి వాపు మళ్లీ మళ్లీ వచ్చి కుడి కన్ను తీసేయాల్సి వచ్చింది. ఇక అన్నిటికీ బెదురుతుందని అందరూ భయపెట్టారు. మొదట్లో కుడి వైపు నుంచి ఎవరైనా మాట్లాడకుండా వస్తే ఉలిక్కిపడేది. ఇప్పుడు తల కాస్త వంచి నడుస్తుంది, చెవిని రాడార్‌లా తిప్పుకుంటుంది, దగ్గరవి మీసాలతో తడుముకుంటుంది. నిజం చెప్పాలంటే రెండు కళ్లున్నప్పటి కన్నా ఇప్పుడే నెమ్మది.

మెత్తనిపగ్గం
మీసాలంటే, వాటిని అందం కోసం కత్తిరించేవాళ్లు దయచేసి ఇది చదవండి. ముక్కు కిందా నోటి ముందూ గుర్రానికి కనిపించదు, అక్కడ చూపు పని చేసేవి అవే. అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ (గుర్రపుస్వారీ) సమాఖ్య తన పోటీల్లో 2021 జులై నుంచి వాటిని కత్తిరించడం నిషేధించింది.

కొత్తగంత
ఇంత చర్చ ఎందుకు, గంతలు కట్టేస్తే సరిపోదా? బండి గుర్రాలకి కడతారు కదా.

నీడలగోల
డ్రమ్ము కనిపించకుండా పోతుంది, చప్పుడు పోదు. చప్పుడు వినిపించి, అదేమిటో చూసుకోలేని గుర్రం మరీ ప్రమాదం. బండికి కట్టే గుర్రానికి వెనక తిరిగే చక్రాలు కనిపించకుండా గంతలు పనికొస్తాయి. స్వారీలో బెదురుకి మందు అనుకుంటే మాత్రం కాదు.

కొత్తరౌతు
మీరు చెప్పినవి కలిపి చేసి చూశాను. దిగి, పగ్గం వదులుగా పట్టుకుని, రెండు దిక్కుల నుంచీ డ్రమ్ము చుట్టూ నడిపించాను. సాయంత్రం ఎండలోనే. ఆగి చూస్తానంటే ఆగనిచ్చాను. చివరికి మూతి పెట్టి వాసన చూసి, పెద్ద నిట్టూర్పు వదిలి, పక్కనున్న గడ్డి పీకింది. పాత మగగుర్రం ఒకటి ముందు నడిస్తే ఇంకా త్వరగా వచ్చింది. ఎక్కి వస్తే ఇప్పటికీ ఒక చెవి అటే ఉంచుతుంది, గెంతడం లేదు. తోపుడు బండి మాత్రం రోజుకో రకంగా పెడుతున్నారు, దాంతో గొడవ నడుస్తూనే ఉంది. ట్రైనర్ గారు ఏమీ అనలేదు, డ్రమ్ముని మాత్రం ఒకసారి తన్ని వెళ్లారు.

పంచకల్యాణి
బండిని రోజుకో రకంగా పెట్టడం నిజానికి మీకు మంచిదే. ఒకే కోణానికి అలవాటైతే ఆ కోణానికే అలవాటవుతుంది.

పాతజీను
ఒక చెవి అటే ఉంచితే చాలు. పూర్తిగా మొద్దుబారిన గుర్రం నాకు నచ్చదు. ఈ పద్ధతి కూడా పర్లేదు, ఓపిక ఉన్నవాళ్లకి.

నాలుగోకాలు
ఇంకో ప్రశ్న, ఇక్కడే అడిగేస్తా. గడ్డి గ్రౌండులో దూకించే కర్రలకి మళ్లీ రంగు వేయాలి. ఎరుపు, నారింజ వేద్దామంటున్నారు, దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయని.

గుర్రాలడాక్టరమ్మ
మీకు కనిపిస్తాయి, దూకేవాళ్లకి కాదు. గుర్రం కంట్లో రంగు పట్టే కణాలు రెండు రకాలే, మనకి మూడు. నీలం, పసుపు తేడా తెలుస్తుంది. ఎరుపు, నారింజ, గడ్డి పచ్చ మాత్రం దాదాపు ఒకే ఛాయల్లో కలిసిపోతాయి. బ్రిటన్ జంప్ రేసుల్లో అడ్డంకులకి ఏళ్ల తరబడి నారింజ రంగే ఉండేది. ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షించి, గుర్రానికి అది సరిగ్గా విడిపడి కనిపించదని తేల్చారు. తర్వాత తెలుపుకి మారుస్తూ వచ్చారు.

నాలుగోకాలు
అయితే మొత్తం తెలుపు వేసేయనా?

మెత్తనిపగ్గం
గడ్డి మీద అయితే తెలుపు బాగుంటుంది, మధ్యలో నీలం పట్టీలు వేస్తే ఇంకా నయం. లేత రంగు ఇసుక మీద దూకిస్తే ఒట్టి తెలుపు కలిసిపోతుంది, అక్కడ ముదురు నీలం చూడండి. ఒకటి మాత్రం, మొత్తం ఒకేసారి మార్చొద్దు. మొదటి రోజు దూకించకుండా చుట్టూ నడిపించండి, రెండు వైపుల నుంచీ.

సంచిభూతం
రంగు డబ్బాలు తెచ్చిన సంచి మాత్రం అక్కడ వదలకండి.